దవడ కీలు నొప్పికి పళ్లు అరగదీయడం వైద్యం కాదు

చెవి ముందు నొప్పి. పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోయి ఉంటుంది. ఆవలిస్తే టక్కుమంటుంది. సాయంత్రానికి కణతలు లాగేస్తుంటాయి. ఈ బాధ ఉన్నవాళ్లు చాలామంది ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్తారు. చెవి శుభ్రంగా ఉందని చెప్పి ఆయన పంపేస్తారు. తర్వాత పళ్ల డాక్టరు. ఎక్స్‌రే తీస్తే ఎవరి నోట్లోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది: వంకర జ్ఞానదంతం, అరిగిన పన్ను, సరిగ్గా కలవని పళ్ల వరస. దొరికినదాని మీద నేరం పడుతుంది. జ్ఞానదంతం తీసేస్తారు. లేదంటే "బైట్ సరిచేస్తాం" అని పళ్లను అక్కడక్కడా అరగదీస్తారు. ఇంకా ముందుకెళ్తే నోరంతా క్యాపులు.

ఇది తప్పు దారి అని గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం. దవడ నొప్పి ఎక్కువమందిలో కండరాల నొప్పి, కొందరిలో కీలు బెణుకు. మెడనొప్పినీ నడుము నొప్పినీ ఎలా చూస్తామో దీన్నీ అలాగే చూడాలి. మొదటి మూడు నెలలూ ఏ చికిత్స చేసినా, పనిచెయ్యకపోతే ఆపేసి మళ్లీ మొదటికి రాగలిగేదై ఉండాలి. కాపడం ఆపెయ్యొచ్చు, వ్యాయామం మానెయ్యొచ్చు, రాత్రి పళ్లకు తొడుక్కునే ప్లేటు తీసి పక్కన పెట్టొచ్చు. అరగదీసిన ఎనామిల్ మాత్రం మళ్లీ పెరగదు.

లోపల ఏం జరుగుతోంది

చెవి రంధ్రానికి వేలి వెడల్పంత ముందు చూపుడు వేలు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేలి కింద గుండ్రటి ఎముక ఒకటి ముందుకు కదిలి, అది ఉన్నచోట చిన్న గుంట పడుతుంది. అది కింది దవడ ఎముక పై కొన, కాండైల్ అంటారు. దానికి పైకప్పు కణత ఎముకలోని గుంట. గుంటకు ముందు ఒక మిట్ట ఉంటుంది. కాండైల్‌కీ గుంటకీ మధ్య మెత్తటి డిస్కు. అంచులు మందంగా, నడుమ పల్చగా ఉండే ఈ డిస్కు నడిమి భాగంలో నరాలు గానీ రక్తనాళాలు గానీ ఉండవు. డిస్కు వెనక ఉన్న కణజాలంలో మాత్రం రెండూ పుష్కలం. కీలు లోపలి నొప్పికి చాలాసార్లు మూలం ఆ వెనక భాగమే.

నోరు తెరవడం రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి 20–25 మిల్లీమీటర్ల దాకా కాండైల్ ఉన్నచోటే తిరుగుతుంది. ఆ తర్వాత డిస్కును వెంటబెట్టుకుని మిట్ట మీదుగా ముందుకు జారుతుంది. ఒకే ఎముకకు రెండు చివర్లా రెండు కీళ్లున్నాయి కాబట్టి ఒకటి కదలనంటే రెండోది దాని బరువూ మోయాల్సిందే. కుడివైపు కీలు పట్టేస్తే నోరు తెరిచినప్పుడు గడ్డం కుడివైపుకే వాలుతుంది. అద్దం ముందు నిలబడి చూస్తే ఇది మీకే కనబడుతుంది.

ఇప్పుడు ఆ టక్కుమనే శబ్దం సంగతి. నోరు మూసినప్పుడు డిస్కు ఉండాల్సిన చోటు కన్నా కాస్త ముందుకు జారి ఉంటుంది. తెరిచేటప్పుడు కాండైల్ దాని వెనక మందపాటి అంచు మీద నుంచి ఎగిరి నడుమకు చేరుతుంది, అప్పుడు టక్కు. మూసేటప్పుడు మళ్లీ వెనక్కి జారిపోతుంది, ఇంకో చిన్న టక్కు. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే ఈ శబ్దానికి ఏ చికిత్సా అక్కర్లేదు. ఏ బాధా లేని మనుషులకు ఎంఆర్‌ఐ తీసినా దాదాపు మూడోవంతు మందిలో డిస్కు ముందుకు జారే కనిపిస్తుంది. శబ్దం పోగొడతామని చేసే చికిత్సలకు ఒప్పుకోకండి. పట్టించుకోవాల్సింది దీనికి తలకిందుల పరిస్థితిని: ఇన్నాళ్లూ టక్కుమన్న కీలు ఒక పొద్దున ఉన్నట్టుండి నిశ్శబ్దమై, నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోతే డిస్కు ముందుకు జారి అక్కడే అడ్డం పడిందని అర్థం. దాని చికిత్స వేరు, కింద చెబుతాను.

నొప్పి ఎక్కడిదో వేలితోనే తెలుసుకోవచ్చు

ప్రపంచమంతా వాడే నిర్ధారణ పద్ధతి డీసీ-టీఎండీ 2014లో అచ్చయింది. దాని గుండెకాయ ఎక్స్‌రే కాదు, వేళ్లు. చెంప కండరం మీదా కణత కండరం మీదా దాదాపు ఒక కిలో బరువుతో రెండు సెకన్లు నొక్కాలి. కీలు మీద అందులో సగం. ఒక కిలో అంటే ఎంతో అందాజా దొరకడానికి వంటింట్లోని చిన్న త్రాసును వేలితో నొక్కి చూసుకోండి. చాలామంది అనుకునేదాని కన్నా అది గట్టి నొక్కే.

కండరాన్ని దొరకబుచ్చుకోవడం తేలిక. చేతులు చెంపల మీద పెట్టి పళ్లు ఒక్కసారి బిగించండి. దవడ మూల దగ్గర ఉబ్బేది చెంప కండరం. కణతల మీద, చెవి పైదాకా విసనకర్రలా విప్పుకుని కదిలేది కణత కండరం. ఇప్పుడు దవడ వదులు చేసి అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. "నాకు రోజూ వచ్చే నొప్పి ఇదే" అనిపించే చోటు దొరికితే అదే అసలు సాక్ష్యం. నొక్కితే ఏదో ఒక నొప్పి రావడం కాదు, మీకు తెలిసిన నొప్పి రావాలి. చెంప కండరంలో ముడిని నొక్కితే పై దవడ పళ్లలోనో చెవిలోనో సలుపు పుట్టొచ్చు. మంచి పన్నుకు రూట్ కెనాల్ జరిగిపోయే పొరపాటు ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. పన్ను చల్లనీళ్లకు జివ్వుమనకపోతే, తట్టినా నొప్పి రాకపోతే, ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే ఆ పన్ను జోలికి పోవద్దని నిలదీసి చెప్పండి.

నోరు ఎంత తెరుచుకుంటోందో స్కేలుతో కొలిచి రాసిపెట్టుకోండి. పై ముందు పళ్ల అంచు నుంచి కింది ముందు పళ్ల అంచుకు 40 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మామూలే. స్కేలు లేకపోతే మీ చేతి చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా పట్టాలి. ఈ కొలత వారానికోసారి తీసుకుంటే మెరుగవుతోందో లేదో ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

స్కానుల విషయానికొస్తే, కండరాల నొప్పికి మొదటి రోజే ఎంఆర్‌ఐ అనవసరం. దెబ్బ తగిలినా, పళ్ల కలయిక కొత్తగా మారినా ఓపీజీ (దవడలంతా ఒకే ఫిల్ములో చూపే ఎక్స్‌రే) లేదా సీబీసీటీ (దవడల త్రీడీ స్కాను) ఎముకను చూపిస్తుంది. డిస్కు కనిపించేది ఎంఆర్‌ఐలోనే, అదీ చికిత్స దాన్ని బట్టి మారుతుందనుకుంటేనే తీయించాలి.

పళ్ల మీదికి నేరం ఎలా వచ్చింది

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చెవి-ముక్కు-గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ ఒక వ్యాసం రాశాడు. వెనక పళ్లు పోయి దవడ ఎక్కువగా మూసుకుపోవడం వల్ల కీలు వెనక్కి నొక్కుకుని చెవి నొప్పి, తలనొప్పి వస్తున్నాయన్నది ఆయన వివరణ. శరీర నిర్మాణం తెలిసినవాళ్లు తర్వాత అది నిలబడదని తేల్చేశారు. కానీ పళ్ల కలయికే మూలం అన్న ఆలోచన దంతవైద్యంలో పాతుకుపోయింది. పళ్లు ఎత్తు చేయడం, అరగదీయడం, క్లిప్పులతో వరస మార్చడం అన్నీ దాని కొమ్మలే.

ఆ ఆలోచనను పరీక్షకు పెట్టినప్పుడు అది నెగ్గలేదు. పళ్లు అరగదీసే చికిత్స ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2003 నాటి కాక్రేన్ సమీక్షకు, అది దవడ నొప్పిని తగ్గిస్తుందనడానికి గానీ రాకుండా ఆపుతుందనడానికి గానీ ఆధారం దొరకలేదు. అమెరికాలో 2006లో మొదలైన ఒపేరా అనే పెద్ద అధ్యయనం నొప్పి లేనివాళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఎవరికి కొత్తగా వస్తుందో చూసింది. ముందే ఒంట్లో ఇతర నొప్పులు ఉన్నవాళ్లు, నిద్ర పాడైనవాళ్లు, ఒత్తిడిలో ఉన్నవాళ్లు ముందు వరసలో కనిపించారు.

కీలు మీదే చెయ్యి చేసుకున్న చరిత్ర ఇంకా బాధాకరం. 1980లలో డిస్కు తీసేసి దాని స్థానంలో ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే కృత్రిమ పదార్థపు ముక్కను అమర్చేవారు. అమెరికాలో వైటెక్ అనే కంపెనీ దాన్ని తయారు చేసింది. నమిలే బరువుకు ఆ ముక్క పిండిపిండిగా రాలింది. ఆ రేణువుల మీద శరీరం చేసిన దాడిలో చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయింది, కొందరిలో కపాలం అడుగుభాగం దాకా. 1990–91లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ రంగంలోకి దిగి వాటిని వెనక్కి రప్పించింది. టక్కుమనే శబ్దంతో వెళ్లి జీవితాంతం నొప్పితో మిగిలినవాళ్లున్నారు. నొప్పి ఎంత తీవ్రంగా ఉన్నా తొందరపడి తిరుగులేని పనికి దిగకూడదని నేను పట్టుబట్టడానికి ఈ ఒక్క చరిత్ర చాలు.

మరి అరగదీయించుకుంటే తగ్గిందని చెప్పేవాళ్లున్నారు కదా? ఉన్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఈ నొప్పి స్వభావమే పెరగడం, తగ్గడం. భరించలేని స్థాయికి చేరినప్పుడే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఆ తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది. ఆ వారం ఏ చికిత్స జరిగితే దానికే పేరు వస్తుంది.

ఇందులో ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. కీలు వాచినప్పుడో, లోపలి కండరం బిగుసుకున్నప్పుడో కింది దవడ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. "నా పళ్లు ఈమధ్య సరిగ్గా కలవడం లేదు" అని అప్పుడే అనిపిస్తుంది. అంటే పళ్లు కలవక నొప్పి రాలేదు, నొప్పి వల్ల పళ్లు కలవడం లేదు. ఆ జరిగిన స్థానానికి సరిపోయేలా పళ్లు అరగదీస్తే, నెలకు వాపు దిగి దవడ తన చోటికి వచ్చాక పళ్లు నిజంగానే కలవవు. అప్పుడు మళ్లీ అరగదీత, తర్వాత క్యాపులు. ఆ దారికి అంతుండదు.

ఒక్క మినహాయింపు ఉంది. కొత్త సిమెంటో క్యాపో వేసిన ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి మొదలై, నోరు మూస్తే ముందు అదే తగులుతుంటే దాన్ని సరిచేయించుకోవాలి. రంగు కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట ఆ కొత్త సిమెంటును తగ్గిస్తారు. అది వేసిన పని సరిదిద్దడం, మీ సొంత పళ్లను చెక్కడం కాదు.

మొదటి ఆరు వారాలు

అన్నిటికన్నా ముందు పగటి అలవాటు. నమలడం, మింగడం అన్నీ కలిపినా పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి తగిలేది రోజుకు సుమారు 20 నిమిషాలు. మిగతా సమయమంతా వాటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ల్యాప్‌టాప్ ముందు, బండి నడుపుతూ, గిన్నెలు తోముతూ, ఫోను చూస్తూ పళ్లు ఆనించి ఉంచేవాళ్లు కోకొల్లలు. గట్టిగా బిగించక్కర్లేదు, ఊరికే ఆని ఉన్నా కండరం పనిచేస్తూనే ఉంటుంది. గంటల తరబడి పనిచేసిన కండరం నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? జపాన్ దంతవైద్యులు ఈ అలవాటును ప్రత్యేకంగా పట్టుకుని, దాన్ని మాన్పించడాన్నే చికిత్సగా చేశారు. పద్ధతి చాలా మామూలుది. చిన్న రంగు చీటీలు మానిటరు అంచున, ఫ్రిజ్ మీద, బండి హ్యాండిల్ దగ్గర, అద్దం పక్కన అంటించాలి. చీటీ కంట పడ్డప్పుడల్లా నోటితో గాలి వదిలి, భుజాలు దించి, దవడ వేలాడనివ్వాలి. పెదాలు మూసి, పళ్లు విడిగా, నాలుక కొన పై ముందు పళ్లకు కాస్త వెనక అంగిట్లో ఆనించి ఉంచాలి. వారం తర్వాత చీటీల చోటు మార్చండి, లేకపోతే కంటికి అలవాటైపోయి పనిచెయ్యవు.

నాకు తెలిసినంతలో ఈ నొప్పికి ఇంతకు మించిన మందు లేదు. ఖర్చు లేదు కాబట్టే దీనికి విలువ ఇవ్వరు.

తిండి రెండు మూడు వారాలు మెత్తగా. పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా, కిచిడీ, జావ, బాగా ఉడికిన కూరలు. జంతికలు, చేగోడీలు, వేయించిన శనగలు, చెరకు, గట్టి జామకాయ, ఆరిపోయిన జొన్నరొట్టె, మటన్ ఎముకలు, చూయింగ్ గమ్, వక్క పక్కన పెట్టాలి. ఆపిల్‌ను కొరక్కుండా కోసుకుని తినాలి. రెండు వైపులా నమలాలి. అలాగని నెలల తరబడి జావ మీదే ఉండిపోతే కండరం నీరసించి ఇంకా త్వరగా అలిసిపోతుంది. మూడో వారం నుంచి నెమ్మదిగా మామూలు తిండికి రావాలి.

కాపడం తడిగా ఉండాలి. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చెంపలకూ కణతలకూ 15–20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. కొత్తగా దెబ్బ తగిలి వాచినప్పుడు మాత్రం మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐసు, ఒక్కోసారి పది నిమిషాలు. ఆవలింత వస్తే నాలుకను అంగిటికి ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టుకోవాలి. అరచేతిలో గడ్డం ఆనించి కూర్చోవడం, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం, గోళ్లు కొరకడం, బోర్లా పడుకోవడం మానాలి.

వ్యాయామం కాపడం తర్వాతే. నాలుక కొనను అంగిట్లో ఆనించి, అది ఊడిపోనంత మేరకే నోరు తెరిచి మూయాలి. అద్దంలో గడ్డం పక్కకు పోకుండా తిన్నగా దిగేలా చూసుకోవాలి. ఆరుసార్లు చేస్తే ఒక విడత, రోజుకు ఆరు విడతలు. తర్వాత గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి కొంచెం అడ్డుకుంటూ నోరు తెరవడం, గడ్డం పక్కన వేలు పెట్టి అడ్డుకుంటూ ఆ పక్కకు జరపడం, ఒక్కోటి ఆరు సెకన్లు. మెడను వెనక్కి లాగి గడ్డం లోపలికి తీసుకోవడం కూడా ఇదే లెక్కలో. నోరు సరిగా తెరుచుకోనివాళ్లు బొటనవేలు పై పళ్లకూ చూపుడు వేలు కింది పళ్లకూ పెట్టి కత్తెరలా మెల్లగా సాగదీసి ఆరు సెకన్లు ఆపాలి. లాగినట్టు ఉండటం మంచిదే. అయితే చేసిన అరగంట తర్వాత కూడా నొప్పి నిలిచి ఉంటే మరుసటి రోజు సగమే చేయండి. దవడ జారి తెరుచుకుని ఉండిపోయే అలవాటున్నవాళ్లు మాత్రం సాగదీయకూడదు.

చేసే పొరపాటు ఎక్కడంటే, టక్కుమంటోందా లేదా అని రోజుకు వందసార్లు దవడ ఆడించి చూసుకోవడం. అది వ్యాయామం కాదు, పుండును గోకడం.

మాత్రలు, ప్లేట్లు, ఇంజెక్షన్లు

నొప్పి ఎక్కువగా ఉంటే పెద్దవాళ్లకు ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు తిన్న తర్వాత రోజుకు మూడుసార్లు, ఐదు నుంచి ఏడు రోజులు. నొప్పి వచ్చినప్పుడొకటి వేసుకోవడం కన్నా ఆ కొద్ది రోజులూ వేళకు వేసుకుంటే వాపు మీద పనిచేస్తుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు. జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా వద్దు.

మన మెడికల్ షాపుల్లో దవడ పట్టేసిందంటే చేతిలో పెట్టేది తరచుగా ఎసిక్లోఫెనాక్, థయోకాల్చికోసైడ్ కలిపిన మాత్ర. థయోకాల్చికోసైడ్‌ను నోటి ద్వారా ఏడు రోజులకు మించి వాడొద్దని యూరప్ ఔషధ సంస్థ 2013లో ఆంక్ష పెట్టింది. కణాల్లోని క్రోమోజోములకు హాని చేసే అవకాశం ఉండటమే కారణం. గర్భిణులకు అసలే పనికిరాదు. నెలల తరబడి వాడేవాళ్లు వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి. నిద్రమాత్రల్లాంటివీ అంతే, అలవాటు పడటం తప్ప ఒరిగేది తక్కువ. దీర్ఘకాలపు నొప్పికి డాక్టర్లు రాత్రిపూట తక్కువ మోతాదు ఎమిట్రిప్టిలిన్ ఇస్తుంటారు. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు మొదలుపెట్టాక పళ్లు కొరకడం పెరగొచ్చు. అలా అనిపిస్తే మందు మీరే ఆపకుండా రాసిన డాక్టరుకు చెప్పండి.

రాత్రి ప్లేటు గురించి అందరూ అడుగుతారు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన నొప్పికి వ్యాయామం, చేత్తో చేసే ఫిజియోథెరపీ, ఆలోచనా తీరు మీద పనిచేసే కౌన్సెలింగ్ లాంటివాటిని గట్టిగా సిఫారసు చేశాయి. తీసి పెట్టుకునే ప్లేట్లు, బోటాక్స్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, లేజర్ వంటివాటి విషయంలో "మామూలుగా వద్దు" అన్నాయి. పళ్ల కలయికను శాశ్వతంగా మార్చేసే ప్లేట్లనూ డిస్కు తీసేసే ఆపరేషన్‌నూ గట్టిగా వద్దన్నాయి. ప్లేట్ల మీద ఆ మాట చాలామంది దంతవైద్యులకు నచ్చలేదు. నా అభిప్రాయం ఇదీ: నిద్రలో పళ్లు కొరికి అరగ్గొట్టుకునేవాళ్లకు పళ్లను కాపాడటానికి ప్లేటు మంచిది. నొప్పికి మాత్రం పగటి అలవాటు, వ్యాయామం ఆరు వారాలు చేశాకే దాని వంతు.

చేయించుకుంటే గట్టి అక్రిలిక్‌తో, ఒక దవడలోని పళ్లన్నిటినీ కప్పేలా, చదునుగా చేయించుకోండి. పెట్టుకుని నోరు మూస్తే ఎదురు పళ్లన్నీ ఒకేసారి తగలాలి. ముందు పళ్లకో వెనక పళ్లకో మాత్రమే పెట్టే ముక్క ప్లేటును నెలల తరబడి వాడితే, కప్పని పళ్లు పెరిగి నోరు మూసినా ముందో వెనకో ఖాళీ మిగిలే ప్రమాదం ఉంది. మెత్తటి రబ్బరు ప్లేటు కొందరిలో బిగింపును పెంచుతుంది. ఒకటి రెండు వారాలకు తీసుకెళ్లి సరిచేయించాలి. రాత్రి మాత్రమే పెట్టుకోవాలి. వేడినీళ్లలో కడిగితే వంకర పోతుంది, చల్లనీళ్లు, బ్రష్షు చాలు. పొద్దున తీసిన గంట తర్వాత కూడా పళ్లు కొత్తగా కలుస్తున్నట్టుంటే వాడకం ఆపి చూపించండి. గట్టి గురక, పగలు నిద్రమత్తు ఉన్నవాళ్లు ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి తీరును చూసే పరీక్ష) చేయించుకోవడం మంచిది.

కౌన్సెలింగ్ అనగానే "నొప్పి నా మనసులో ఉందంటారా" అని నొచ్చుకుంటారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఇరవై నుంచి నలభై ఏళ్ల స్త్రీలలోనే ఈ బాధ ఎక్కువ, వాళ్ల మాటనే ఎక్కువగా కొట్టిపారేస్తారు కూడా. నొప్పి నిజమైనదే. నెలల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థ చిన్న స్పర్శనూ పెద్ద నొప్పిగా పెంచి చూపించడం నేర్చుకుంటుంది. నిద్ర, భయం, ఒత్తిడి ఆ పెంపును నడిపిస్తాయి. దాన్ని దించడం కూడా చికిత్సలో భాగమే.

ఇది దవడ కీలు నొప్పి కాకపోవచ్చు

తెలుగు నేల మీద నోరు తెరుచుకోకపోవడానికి కీలు కన్నా ముందు అనుమానించాల్సింది వక్క. వక్కపొడి, గుట్కా, పాన్ మసాలా నమిలేవాళ్లలో చెంపల లోపలి పొర గట్టిపడి నోరు నెలనెలకీ మూసుకుపోతుంది. కీలు దగ్గర నొప్పి ఉండదు. కారం తగిలితే మంట, చెంప లోపల తెల్లబారడం, వేలితో తడిమితే తాళ్లలా తగిలే పట్టీలు ఉంటాయి. ఇది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. కాపడాలు పెట్టుకుంటూ కూర్చోకూడదు, వక్క ఆ రోజే మానేసి ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల) విభాగంలో చూపించాలి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఆ విభాగం ఉంటుంది. మామూలు దవడ కీలు నొప్పికీ అదే సరైన గుమ్మం.

కింది పన్ను కోసం మత్తు ఇంజెక్షన్ చేయించుకున్న రెండు మూడు రోజులకు నోరు పట్టేస్తే అది లోపలి కండరంలో సూది తగిలిన చోట వచ్చిన బిగింపు. కాపడం, మెల్లగా సాగదీయడంతో వారాల్లో పోతుంది. జ్వరం, వాపు, మింగలేకపోవడం తోడైతే అది చీము, అదే రోజు ఆస్పత్రి. మెట్లెక్కితే వచ్చి ఆగితే పోయే దవడ నొప్పి, చెమటతో ఛాతీ బిగువుతో వచ్చే నొప్పి గుండెది. తాకగానే కరెంటు షాకులా కొట్టి క్షణాల్లో పోయేది నరం నొప్పి. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి, దువ్వెన తగిలినా తలలో నొప్పి, నమిలితే దవడ అలిసిపోవడం, చూపు మసకబారడం కలిసి వస్తే రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యం చేస్తే కంటి చూపు పోతుంది. పెదవి మొద్దుబారడం, గడ్డ, బరువు తగ్గడం ఉన్నా ఆగకూడదు.

చెయ్యి పడాల్సిన చోట

డిస్కు అడ్డం పడి నోరు తెరుచుకోని స్థితిలో మొదట వ్యాయామం, మందులు, నేర్పుగల ఫిజియోథెరపిస్టు చేత్తో చేసే సవరింపు. కొన్ని వారాల్లో కొలత పెరగకపోతే కీలు కడగడం అనే చిన్న పద్ధతి ఉంది, 1991 నుంచి వాడుకలో ఉంది. చెవి ముందు రెండు సూదులు కీలు పై గదిలోకి దించి, ఒకదాన్నుంచి సెలైన్ లాంటి ద్రవం పంపి రెండోదాన్నుంచి బయటికి వదులుతారు, సుమారు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అతుక్కున్నట్టున్న కీలు వదులై, వాపు పుట్టించే పదార్థాలు కడుక్కుపోతాయి. ఆ రోజు నుంచే వ్యాయామం మొదలుపెట్టకపోతే దాని ఫలం నిలవదు. దీర్ఘకాలపు కండరాల నొప్పికి మాత్రం ఇది చేయించుకోకండి.

ఆవలించినప్పుడు దవడ ముందుకు జారి నోరు మూతపడకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గంటలు గడిచేకొద్దీ కండరం బిగిసి పని కష్టమవుతుంది. డాక్టరు వేళ్లకు గాజుగుడ్డ చుట్టుకుని వెనక పళ్ల మీద బొటనవేళ్లతో ముందు కిందికి, ఆపైన వెనక్కి నెడతారు. సరయ్యాక రెండు మూడు వారాలు నోరు పెద్దగా తెరవకూడదు.

ఇంతసేపూ ఆగమని చెప్పినవాణ్ణి, పిల్లల విషయంలో మాత్రం ఆగొద్దనే చెబుతాను. ఆడుకుంటూ గడ్డం మీద పడి చీరుకుపోయిన పిల్లాడికి కుట్లు వేసి పంపేస్తారు. ఆ దెబ్బ నేరుగా చెవి ముందున్న కాండైల్‌కు చేరి అక్కడ ఎముక విరగొచ్చు. నొప్పికి భయపడి పిల్లాడు నోరు కదపడు. కారిన రక్తం గట్టిపడి, నెలల్లో కీలు ఎముకతో అతుక్కుపోవచ్చు. అప్పుడు కింది దవడ ఎదగదు, ముఖం ఒకవైపుకు లాగుతుంది, అన్నం ముద్ద కూడా లోపలికి పోదు, నిద్రలో ఊపిరి ఆడదు. అతుక్కున్న ఎముకను కోసి తీయడం తప్ప అప్పుడు దారి లేదు, ఆ ఆపరేషన్ తర్వాత ఏళ్లపాటు రోజూ వ్యాయామం చేయించాలి. గడ్డం పగిలిన ప్రతి పిల్లాడికీ చెవుల ముందు నొక్కి చూడమని, ఎక్స్‌రే తీయమని అడగండి. విరిగిందని తేలితే ఎన్ని రోజులు విశ్రాంతి, ఏ రోజు నుంచి నోరు తెరిపించాలి అన్నది రాయించుకుని రండి. ఆ తర్వాత కనీసం ఏడాదిపాటు నెలకోసారి పిల్లాడి వేళ్లు మూడు వాడి నోట్లోనే నిలువుగా పెట్టి కొలవండి. మూడు పట్టినవి రెండైతే, నొప్పి లేకపోయినా, అదే వారం మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కు (దవడ, ముఖం ఆపరేషన్లు చేసే డాక్టరుకు) చూపించండి.